మంచు దారి

ఇరవై ఆరు చలికాలాలు నా పని ఇదే,
సముద్రం గడ్డకట్టాక
ద్వీపానికి దారి గీయడం.
చేతిలో బర్మా, స్లెడ్జి బండి నిండా జూనిపర్ కొమ్మలు.
బెజ్జం వెయ్యి, కొలువు,
జానెడు మందం ఉంటే కొమ్మ గుచ్చు,
లేదంటే పక్కకి జరుగు.
లాంచీ కదల్లేని రోజుల్లో
ఎస్తోనియా అంచు నుంచి అవతలి గట్టుకి
పాల బళ్ళూ, పెళ్ళి బళ్ళూ, శవపేటికలూ
నా కొమ్మల వెంటే నడిచాయి.

అక్టోబరులో ఒక పొద్దున
పొయ్యి మీంచి కాఫీ గిన్నె దించబోయి
నేనే దిగిపోయాను నేలకి.
కుడి మెదడులో నెత్తుటి గడ్డ అన్నారు.
ఎడమ కాలు నాదేనని
నర్సు చెబితే నమ్మాల్సి వచ్చింది.
పడవలో ఎవరో మరిచిపోయిన
తడి బూటులా పడి ఉంది అది.

హాప్సలు ఆసుపత్రిలో నన్ను
కదిలే పట్టా మీద వేలాడదీశారు,
నడుముకి పటకా, చంకల కింద పట్టీలు,
చేపల బస్తా తూకం వేసినట్టు.
మారికది నా మనవరాలి వయసు.
నేల మీద కూర్చుని నా పాదం పట్టుకుంటుంది,
"మడమ ముందు, ఎండెల్ గారూ, వేళ్ళు తర్వాత."
గంటకి అర కిలోమీటరు!
కాలికి బలపం కట్టుకు తిరిగిన వాణ్ణి,
డెబ్భై ఒకటో ఏట
తప్పటడుగులు, అదీ అద్దం ముందు.

"ఆగకూడదు" అంటుంది మారిక.
నవ్వొచ్చింది నాకు.
మంచు దారి మొదట్లో బోర్డు రాసింది నేనే:
సీటు బెల్టు విప్పండి. మధ్యలో ఆగకండి.
నిలిచిన బరువు కిందే మంచు పగులుతుంది.
చెప్పాను.
"ఇక్కడ బెల్టు విప్పితే పళ్ళు పగులుతాయి" అంది.

పన్నెండు వారాలయ్యాక
డాక్టర్ కుర్విట్స్ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాడు.
మోకాలు కదపమని
సొరంగంలాంటి యంత్రంలో పడుకోబెట్టి తీసినవి.
నల్ల మచ్చ అక్కడే ఉంది,
ఆవగింజంత కూడా తగ్గలేదు.
నేను మొహం తిప్పుకోబోతే
అతని వేలు కిందికి జారింది,
వెనక వైపు, చిన్నమెదడు మీదికి,
ఇంకాస్త లోపలికి, కాండం పైకొసకి.
మొదటి బొమ్మలో లేని ఎరుపు.
"పోయిన చోటు పోయినట్టే.
దాని పని వీళ్ళు అందుకుంటున్నట్టుంది."
"ఎవరు పురమాయించారు వీళ్ళని?"
"మీ కాలే. యాభై వేల సార్లు అడిగింది."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
నా పుర్రెలో, ఆ చీకట్లో,
నాకు తెలియకుండా ఎవరో
బర్మా భుజాన వేసుకుని బయల్దేరారు.
అడుగు, బెజ్జం, కొలత, కొమ్మ.
కూలి అడగలేదు.
నేను విసుక్కున్న రోజున కూడా
పని మానలేదు.

అందరికీ పడదు దారి.
పక్క మంచం లెంబిత్‌కీ
అదే పట్టా, అవే వారాలు, అదే మారిక.
అతని రెండు బొమ్మలూ ఒక్కలాగే ఉన్నాయి.
డాక్టరు చేతులు జేబుల్లో పెట్టుకుని
వాతావరణం గురించి మాట్లాడాడు.
లెంబిత్ నా కాలి వంక చూశాడు,
నేను దుప్పటి కప్పుకున్నాను.

ఈ ఏడు చలి పట్టలేదు.
దారి తెరవలేదు, తెరిచేదీ లేదట.
కొట్లో కొమ్మలు ఆకు రాల్చేశాయని
కుర్రాళ్ళు కబురు పంపారు.
చేతికర్ర పట్టుకుని
వసారా చివరి కిటికీ దాకా పోయి చూశాను.
నీళ్ళు. ఊరికే నీళ్ళు, బూడిద రంగువి.

తిరిగొస్తుంటే గడప దగ్గర
ఎడమ పాదం దానంతటదే లేచింది,
నేను ఆలోచించకముందే
దాటి అవతల పడింది.
కాసేపు అక్కడే నిలబడిపోయాను,
ఆగకూడదని తెలిసీ.

మారికకి ఇంకా చెప్పలేదు.
రేపు మళ్ళీ లేస్తుందో లేదో చూడాలి.
ఒక్క బెజ్జం కొలిచి
ఎవరూ దారి తెరవరు.